హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24 ఫుల్ మ్యాచ్‌లు ఎక్కడ దొరుకుతాయి?

అన్నా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్. 2022లో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్ ఎత్తిన టీమ్, రెండేళ్లకే 22 మ్యాచుల్లో ఒకటే గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున ఆగింది. జీతాల గొడవలు, ట్రాన్స్‌ఫర్ బ్యాన్ (కొత్త ప్లేయర్లని తీసుకోకుండా నిషేధం), ఫారిన్ ప్లేయర్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, ఐనా కోచ్ సింగ్టో సార్ కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చి చెన్నై వెళ్లి చెన్నైయిన్‌ని 1-0తో కొట్టారు కదా, ఆ మ్యాచ్ నాకు కప్పు కంటే తక్కువేం కాదు. హైలైట్స్ కాదు, మొత్తం 90 నిమిషాలు కావాలి. మా తమ్ముడికి చూపించాలి. గచ్చిబౌలి హోమ్ మ్యాచ్‌ల రికార్డింగ్స్ ఉన్నా పర్లేదు, ఎవరి దగ్గరైనా ఉన్నాయా?