సమస్యాపూరణం: కానుకిచ్చువాఁడె కడకు దొంగ

నిర్వాహకుడు: మిత్రులారా, ఈ వారం సమస్య ఇది. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి.

కానుకిచ్చువాఁడె కడకు దొంగ

ఇచ్చినవాణ్ణి దొంగ అనడమెలా అన్నదే చిక్కు. చిన్నపిల్లల పుట్టినరోజుల మీద పూరించమని నా కోరిక. మూడేళ్ళ పిల్లాడి పార్టీకి పిలుపు రాగానే "వాళ్ళు మనకేం పెట్టారు? ఎంతలో తీసుకెళ్దాం?" అన్న లెక్క మొదలవుతోంది. రిటర్న్ గిఫ్టులు సరిపోతాయో లేదోనని పిలిచేవాళ్ళకీ టెన్షనే. పిల్లల పేరు మీద పెద్దవాళ్ళు నడిపే ఈ బాకీల గురించి మంచి పద్యాలు రావాలి.

కూకట్‌పల్లి సోదరి:

చిన్నవాని బొమ్మఁ జెప్పక దాచుచు
క్రొత్త రంగు కాగితమునఁ జుట్టి
పొరుగువారి యింటఁ బుట్టినరోజున
కానుకిచ్చువాఁడె కడకు దొంగ

నిర్వాహకుడు: అమ్మా, ఊహ అద్భుతం. కొడుక్కి వచ్చిన బొమ్మని కొడుక్కే తెలియకుండా ఇంకో పార్టీకి పట్టుకెళ్ళే తండ్రి. దొంగ అన్న మాట ఎక్కడా లాగి అతికించినట్టు లేదు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ పొంతన కుదరలేదు. ఇక్కడ నాలుగో గణం "తమున", "క్రొ"కి "త" కుదరదు. "మెరుపు కాగితమున మెల్లఁ జుట్టి" అంటే యతి సరిపోతుంది, ఎవరూ చూడకుండా చుట్టడం కూడా పద్యంలోకి వస్తుంది.

కూకట్‌పల్లి సోదరి: ధన్యవాదాలండీ, మార్చుకుంటాను. ఇది మా అపార్ట్‌మెంట్‌లో చూసిందే. మా పాపకి వచ్చిన ఒక పెట్టె విప్పితే లోపల ఇంకో పిల్లాడి పేరుతో చిన్న కార్డు ఉండిపోయింది. దానికి చదవడం వచ్చు. "అయితే ఇది నాది కాదా అమ్మా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

కాకినాడ మాస్టారు:

మేనమామ తెచ్చి మేటి సెల్ఫోనును
పసికుమారు చేతఁ బట్టఁజేసె
ఆటపాట లన్ని యపహరించెను గాదె
కానుకిచ్చువాఁడె కడకు దొంగ

నిర్వాహకుడు: మాస్టారూ, నడక హాయిగా ఉంది. "మేటి" యతి కోసం వచ్చి కూర్చున్నట్టుంది. "మిలమిల సెల్ఫోను" అంటే గణాలూ యతీ చెడవు, పిల్లాడి కంటికి కనబడేదీ అదే కదా.

తెనాలి అన్నగారు: క్రమాలంకారంలో నా ప్రయత్నం.

చుట్టమేమి తెచ్చు చుట్టాల యింటికి?
దాత యెవడు లోకధర్మమందు?
పరుల సొమ్ము దాచి బయటపడు నెవడు?
కానుకిచ్చువాఁడె కడకు దొంగ

నిర్వాహకుడు: కానుక, ఇచ్చువాడె, కడకు దొంగ. మూడు ప్రశ్నలకి మూడు జవాబులు, దోషం లేదు. కానీ అన్నగారూ, ఇందులో పిల్లలు లేరు, పుట్టినరోజూ లేదు. మీ చేతి నుంచి విషయం మీద ఇంకొకటి రావాలి.

డాలస్ సోదరి: ఇక్కడ చాలా పిలుపుల్లో కానుకలు వద్దని రాస్తారు. అయినా తెచ్చేవాళ్ళు తెస్తారు. ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళు గుమ్మంలో తలదించుకుంటారు.

వలదు కానుకనుచుఁ బిలుపులో వ్రాసిన
మూటతోడ వచ్చి ముందు నిలిచి
వట్టిచేతివారి వన్నెను గాజేయు
కానుకిచ్చువాఁడె కడకు దొంగ

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. మొదటి పాదంలో ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు "వలదు", "బిలుపు"ల రెండో అక్షరం "ల" కలవడం, చక్కగా పడింది. దొంగిలించింది వస్తువు కాదు, పక్కవాడి పరువు. అలా తలదించుకున్న తల్లిదండ్రుల్ని నేనూ చూశాను. వాళ్ళ తప్పేమీ లేదు.

కాకినాడ మాస్టారు: ఒక అభ్యంతరం. చంటిపిల్లలున్న ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని మన పెద్దలమాట. అరటిపళ్ళు పట్టుకొచ్చిన అమ్మమ్మ కూడా దొంగేనా?

డాలస్ సోదరి: కాదు మాస్టారూ. అమ్మమ్మ అరటిపళ్ళకి ఎవరూ లెక్క రాసుకోరు. అన్నట్టు ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. కొందరు తలా ఐదు డాలర్లు చాలంటారు. వచ్చిన డబ్బంతా కలిపి పిల్లాడు తనకి నచ్చిన వస్తువు ఒక్కటి కొనుక్కుంటాడు.

తెనాలి అన్నగారు: అవి మన చదివింపులే కదమ్మా. నూటపదహార్లు ఇచ్చినవారి పేరు పైకి చదివి నోటుపుస్తకంలో రాసేవారు. వాళ్ళింట్లో పెళ్ళి వస్తే ఆ పుస్తకం తీసి, అంతకు తగ్గకుండా చదివించేవారు. పెళ్ళి ఖర్చుకి అది పెద్ద చేదోడు.

నిర్వాహకుడు: పెళ్ళికి ఆ సాయం అవసరం, తిరిగి ఇవ్వడం మర్యాద. మూడేళ్ళ పిల్లాడికి అలాంటి పుస్తకం తెరవడమే నాకు బాధ. ఐదు డాలర్ల పద్ధతిలో అందరిదీ ఒకటే మొత్తం కాబట్టి ఎవరెంత ఇచ్చారన్న ప్రశ్న ఉండదు. అన్నగారూ, దాని మీద మీరే పూరించండి. రేపు రాత్రి దాకా పద్యాలు తీసుకుంటాం.