అప్‌డేట్: కమిషన్ బొమ్మ ముందు దడ, చేతి వణుకు

కమిషన్ బొమ్మకి (అంటే ఎవరో డబ్బిచ్చి వేయించుకునే బొమ్మకి) ఇంకింగ్, అదే పెన్సిల్ గీతల మీద ఇంకుతో గీయడం, మొదలెట్టగానే వచ్చే దడ, వణుకు ఎలా ఆపాలని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో నిలబడినవి ఇవి.

శ్వాసే ముందు. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి, 5 నిమిషాలు. వదలడం నెమ్మదైతేనే గుండె వేగం తగ్గుతుంది. కంగారులో గబగబా నిండుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. చాలామంది ఇక్కడే ఈ సాధన మానేస్తారు, పాపం.

కాఫీ తాగిన 5 గంటలకు కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. సన్నగీతల పని కాఫీకి ముందే కానివ్వండి.

విశాఖ ఉక్కకి వాటర్‌కలర్ వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పల్చగా పూసిన రంగు) త్వరగా ఆరదు. అరచేతి వెనకభాగం ఆనిస్తే కాగితం చల్లగా తగిలిందా, లోపల తడి ఉన్నట్టే. తొందరపడితే మరకలు, మళ్లీ దడ. ఆ ఖాళీలో బీచ్ రోడ్డు మీద నడవడం మేలు.

సగం అడ్వాన్స్, రెండే మార్పులు అని బొమ్మ వేయించుకునేవాళ్లతో వాట్సాప్‌లో ముందే రాయించుకోండి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది రాసిన కాగితం డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.