పిల్లల హోంవర్క్‌లోకి ఏఐని రానివ్వాలా, వద్దా?

లెక్కల టీచర్:
ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. హోంవర్క్‌లో ఏఐ వద్దే వద్దన్నది నా మాట. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు తప్పకుండా రాయండి.

భిన్నాలు మొదలుపెట్టిన వారంలో నోటుబుక్కులు దిద్దుతుంటే ఒకప్పుడు చాలామంది 1/2 + 1/3 = 2/5 అని రాసేవాళ్లు. లవాలు రెండూ కలిపి పైన, హారాలు రెండూ కలిపి కింద. ఆ 2/5 చూడగానే పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో తెలిసిపోయేది. వాడికి భిన్నం ఒకే సంఖ్యగా కనిపించడం లేదు, గీతకు పైనొకటి కిందొకటి ఉన్న రెండు అంకెలుగా కనిపిస్తోంది. మర్నాడు ఒక కాగితం మడిచి, 2/5 అంటే సగం కన్నా తక్కువని చూపిస్తే చాలు. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గడమేంటి?" అని వాళ్లే అడిగేవాళ్లు. పాఠం అక్కడ మొదలయ్యేది.

ఇప్పుడు అందరి పుస్తకాల్లోనూ 5/6 ఉంటోంది. క.సా.గు. తీసి, స్టెప్పులన్నీ వేసి, శుభ్రంగా. పోయిన నెల అలా రాసుకొచ్చిన ఒకబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి 1/2 + 1/4 ఇచ్చాను. 2/6 అని రాశాడు. మూడు వారాలుగా ఆ తప్పు వాడి దగ్గరే ఉండిపోయింది, నా దాకా రాలేదు. తప్పు నా కంటపడకపోతే ఎవరికి ఏం చెప్పాలో నాకెలా తెలుస్తుంది?

ఆరో తరగతి పాప తల్లి:
టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీ క్లాసులో తప్పు రాస్తే మర్నాడు కాగితం మడిచి చూపించే మీరున్నారు. మా పాపకి అలాంటివాళ్లు లేరు. క్లాసు నిండా పిల్లలు, పేజీ చివర ఒక టిక్కు, కింద సంతకం. తప్పులకు కూడా టిక్కే పడిన పేజీలు నా దగ్గర ఉన్నాయి.

మా పాపకి మొహమాటం ఎక్కువ. ఒకసారి అడిగిన డౌట్ మళ్లీ అడగాలంటే బిక్కచచ్చిపోతుంది. మొన్న రాత్రి పక్కన కూర్చుని చూశాను. హారాలు ఎందుకు కలపకూడదని ఏఐని నాలుగు రకాలుగా అడిగింది. "ఇందాకే చెప్పాను కదా" అని అది ఒక్కసారి కూడా అనలేదు. నాలుగోసారి ఓ బొమ్మ గీసుకుని "ఓ, ముక్కల సైజు వేరు కదా!" అంది. ఆ మొహం మీరు చూసి ఉంటే వద్దనేవారు కాదు.

బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త 1984లో ఒక విషయం రాశారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచరు కూర్చుని, పూర్తిగా వచ్చేదాకా నేర్పితే, వాళ్లలో సగటు విద్యార్థి మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటిపోయాడని. అంత ఖర్చు చాలా సమాజాలు పెట్టుకోలేవని కూడా ఆయనే అన్నారు. డబ్బున్న ఇళ్లలో పిల్లలకు విడిగా ట్యూషన్ ఎప్పటి నుంచో ఉంది. మిగతావాళ్లకు ఇప్పుడిప్పుడే ఏదో ఒకటి అందుతుంటే వద్దంటే ఎలా?

డిగ్రీ విద్యార్థి:
నిషేధం అనే ముందు దాన్ని ఎలా అమలు చేస్తారో చెప్పండి. నేను సొంతంగా రాసిన వ్యాసం ఏఐ రాసిందని, ఏఐ రాతలను పట్టే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ తేల్చేసింది. కొట్టివేతలున్న రఫ్ కాగితాలు తెచ్చి చూపించేదాకా మా లెక్చరర్ నమ్మలేదు. ఆ నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. వాళ్ల సొంత పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవని పొరబడింది. ఆ జులైలోనే దాన్ని తీసేశారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా డిటెక్టర్లు ఏఐ ఖాతాలో వేస్తున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించండి.

కోడింగ్ నేర్పే వ్యక్తి:
టీచర్ గారిదీ, తల్లి గారిదీ రెండు మాటలూ ఒకే ప్రయోగంలో కనిపించాయి. తుర్కియేలో (టర్కీలో) ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కల ప్రాక్టీసు చేయించారు. కొందరికి మామూలు చాట్‌బాట్ లాంటిది, కొందరికి జవాబు చెప్పకుండా సూచనలిచ్చే ఏఐ ట్యూటర్, మిగతావాళ్లకు పుస్తకాలు మాత్రమే. ప్రాక్టీసులో పుస్తకాల పిల్లల కన్నా మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు 48 శాతం, ట్యూటర్ వాడినవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. ఆ తర్వాత ఏదీ లేకుండా పరీక్ష పెడితే, చాట్‌బాట్ వాడినవాళ్లు అసలు ఏఐ ముట్టనివాళ్ల కన్నా 17 శాతం వెనకబడ్డారు. పైగా తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించనే లేదు! నాకు భయం వేసింది అక్కడే.

ట్యూటర్ వాడినవాళ్లకు మాత్రం ఆ నష్టం దాదాపు లేదు. ఎందుకో తెలుసా? ఏ లెక్కలో పిల్లలు మామూలుగా ఏ తప్పు చేస్తారో, అప్పుడు ఏం సూచన ఇవ్వాలో టీచర్ల దగ్గర తెలుసుకుని ముందే దానికి చెప్పిపెట్టారు. అంటే మేడమ్, మీరు ఇన్నేళ్లుగా దిద్దిన ఆ 2/5లే దాన్ని పనికొచ్చేలా చేశాయి. అయితే ఆ ట్యూటర్ కూడా పరీక్షలో పుస్తకాల పిల్లలను మించిన ఫలితమేమీ ఇవ్వలేదు. అందుకని ఎగిరి గంతేయాల్సిందీ లేదు.

లెక్కల టీచర్:
టిక్కుల మాట చదివాక మనసు చివుక్కుమంది. అది మా వైపు తప్పే, దానికి పిల్లలను కట్టేయడం న్యాయం కాదు. పూర్తిగా వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డిటెక్టర్లతో దొంగలను పట్టినట్టు పట్టడం నాకూ ఇష్టం లేదు.

కానీ ఒక పద్ధతి దగ్గర మాత్రం తగ్గను. మొదటి ప్రయత్నం కాగితం మీద, ఫోన్ పక్క గదిలో. తప్పు పోయినా చెరపకూడదు, ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనిపించాలి. ఆ తర్వాత ఏఐని అడగవచ్చు. అదైనా "జవాబు చెప్పొద్దు, నేను ఏ మెట్టు దగ్గర జారానో మాత్రం చెప్పు" అని అడగాలి. ఈ నెలలో నా క్లాసులో మొదటి పది నిమిషాలు అలాగే చేయించాను. మళ్లీ 2/5లు కనిపిస్తున్నాయి. అవి చూస్తే ప్రాణం లేచొచ్చింది.

ఇంకోటి. మీ పాపది ఆరో తరగతి. క్లాసులో ఇలాంటివి వాడటానికి కనీసం పదమూడేళ్ల వయసు పెట్టాలని యునెస్కో 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సూచించింది. దాని గురించి కూడా ఆలోచించండి అమ్మా.

ఆరో తరగతి పాప తల్లి:
వయసు మాట మాత్రం ఒప్పుకోలేను టీచర్ గారూ. పదమూడు వచ్చేదాకా ఆగితే ఈలోపు భిన్నాలూ దశాంశాలూ శాతాలూ దాటిపోతాయి, లెక్కలంటే భయం మిగిలిపోతుంది. నేను పక్కన కూర్చుంటాను, ఒంటరిగా వదలను. అంతవరకు హామీ ఇవ్వగలను.

కాగితం సంగతి మాత్రం నిన్న రాత్రే మొదలుపెట్టాను. ఫోన్ ముట్టుకోకుండా 2/3 + 1/4 చేయమన్నాను. 3/7 అని రాసింది. ముక్కల సైజు వేరని అంత చక్కగా చెప్పిన పిల్ల! నా మొహం చూసి రబ్బరు తీసింది, చెరపనివ్వలేదు. ఒక గీత కొట్టించి, ఆ పేజీ మీద చిన్న చీటీ పెట్టి స్కూలు బ్యాగులో పెట్టాను: "దయచేసి ఈ 3/7 ఒక్కసారి చూడండి." టిక్కు పడుతుందో, మాట వస్తుందో సాయంత్రం వచ్చి రాస్తాను.