తోలుగుడ్లు పెడుతూ చిక్కిపోతున్న పెట్టకు ఏ మేత పెట్టాలి?

ప్రశ్న

మేము ముద్దుగా పెంచుకుంటున్న నాలుగేళ్ల పెట్ట కొంతకాలంగా తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తని గుడ్లు పెడుతోంది. ఒక్కోసారి గూట్లో పెంకే లేని పొర మాత్రమే కనబడుతోంది. చేత్తో తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతోంది, నడిచేటప్పుడు ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తోంది. పశువైద్యులు పరీక్షించి, గుడ్డునాళంలో వాపు ఉందని చెప్పి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు. మేత విషయంలో మాత్రం బలమైనది పెట్టమని చెప్పి ఊరుకున్నారు. లేయర్ దాణాలో (గుడ్లు పెట్టే కోళ్ల మేతలో) గింజలు కలిపి పెడితే గింజలన్నీ ఏరుకుని తిని దాణాను తొట్టిలోనే వదిలేస్తోంది. నీళ్లలో కలిపే కాల్షియం ద్రావణం, మల్టీవిటమిన్ చుక్కలు, చేప కాలేయపు నూనె, ఈ మూడూ కలిపి ఇవ్వవచ్చునా? ఇదే తొట్టిలో ఒక పుంజు కూడా తింటుంది కనుక దానికేమైనా హాని కలుగుతుందేమో కూడా తెలియజేయగలరు.

మొదటి జవాబు

మందుల సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ గింజలను తగ్గించండి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో మాంసకృత్తులు సుమారు 16 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటాయి. గింజల్లో మాంసకృత్తులు తక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట రోజుకు 100 గ్రాముల దాణా తింటే 4 గ్రాముల వరకు కాల్షియం లోపలికి వెళ్తుంది, అందులో ఒంటికి పట్టేది ఇంచుమించు సగమే, అంటే ఒక పెంకుకు సరిగ్గా సరిపోయేంత. దాణా సగానికి తగ్గి ఆ చోటు గింజలతో నిండితే మిగతా కాల్షియాన్ని పెట్ట తన ఎముకల నుంచే తీసి పెంకు కడుతుంది. అది కూడా చాలకపోతే తోలుగుడ్డు వస్తుంది. అయితే గుడ్డునాళంలో వాపు ఉన్నప్పుడు కాల్షియం ఎంత ఉన్నా పెంకు సరిగా కట్టకపోవచ్చు, కనుక తోలుగుడ్లకు మేత ఒక్కటే కారణమని అనుకోకండి.

దాణాను గోరువెచ్చని నీటితో ముద్దగా తడిపి పెడితే నలతగా ఉన్న కోళ్లు కూడా ఇష్టంగా తింటాయి. తడి దాణా త్వరగా పులుస్తుంది కాబట్టి మిగిలినదాన్ని కొన్ని గంటల్లోనే తీసేయాలి. చిక్కిపోయిన పెట్టకు అందులో కొంచెం ఉడికించిన గుడ్డు చిదిమి కలపవచ్చు. రోజూ ఒకే వేళకు, మేత వేయకముందు, వంటింటి త్రాసుపై తూచి బరువు రాసుకోండి, ఎందుకంటే ఈకల చాటున ఎంత చిక్కిందో కంటికి కనబడదు.

రెండో జవాబు

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందిన మందు. పేగుల్లో కాల్షియంతో కలిసినప్పుడు ఈ జాతి మందులు దానితో ముడిపడిపోయి రక్తంలోకి సరిగా చేరవు. అందువల్ల కాల్షియం ద్రావణాన్ని, మందును ఒకే నీటిలో కలిపి ఎంతమాత్రం ఇవ్వకూడదు. దాణాలోనూ కాల్షియం ఉంటుంది కనుక మందు వేళకూ మేత వేళకూ మధ్య ఎంత ఎడం ఉండాలో మీ వైద్యులనే అడగండి.

నా అభిప్రాయంలో ద్రావణం కంటే గరుకుగా దంచిన ఆల్చిప్పల ముక్కలు మేలు. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం పెట్ట మేత ముట్టని రాత్రివేళే జరుగుతుంది. సాయంత్రం తిన్న ముక్కలు కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతూ తెల్లవార్లూ కాల్షియం అందిస్తాయి. వాటిని దాణాలో కలపకుండా వేరే గిన్నెలో ఉంచండి. అవసరమున్న పెట్ట తానే వెళ్లి తింటుంది, పుంజు సాధారణంగా వాటి జోలికి పోదు. లేయర్ దాణానే ఏళ్ల తరబడి తినే పుంజుకు మాత్రం అదనపు కాల్షియం మూత్రపిండాలపై భారమవుతుంది, కనుక దాని మేతను వేరు చేయడం మంచిది.

ఇంకొక మాట: ఈ మందు వాడుతున్నంత కాలం, ఆ తరువాత వైద్యులు చెప్పిన గడువు వరకు, ఆ పెట్ట గుడ్లను ఇంట్లో ఎవరూ తినకండి.

మూడో జవాబు

మల్టీవిటమిన్, చేప కాలేయపు నూనె రెంటిలోనూ ఎ, డి విటమిన్లు ఉంటాయి. ఇవి మోతాదు మించితే నీటితోపాటు బయటికి పోకుండా శరీరంలో పేరుకుంటాయి. దాణాలో ఇవి ముందే కలిపి ఉంటాయి కనుక నూనెను పూర్తిగా మానేయడమే నయం. చుక్కలు తప్పదనుకుంటే డి3 ఉన్నవే వాడండి, ఎందుకంటే డి2 కోళ్లకు చాలా తక్కువగా ఉపయోగపడుతుంది.

ఇక కాలు ఈడ్వడం మేతతో నయమవుతుందని ఆశ పెట్టుకోవద్దని నా సలహా. బి2 విటమిన్ లోపిస్తే కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి, కాని అది ముఖ్యంగా చిన్న కోడిపిల్లల్లో కనబడే లక్షణం. పెద్ద పెట్టలో ఒక్క కాలే పట్టు తప్పుతోందంటే పొట్టలోని వాపో గడ్డో నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు, ఎక్స్‌రే తీయించండి. యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే మెడ కిందనున్న మేతసంచిలో బూజు పెరిగే ప్రమాదం ఉంది. తెల్లవారి మేత వేయకముందు అక్కడ తడిమి చూడండి. ఖాళీగా ఉండాలి. మెత్తని నీటి తిత్తిలా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే మేత ఆపి వెంటనే వైద్యులకు చూపించండి.

అడిగినవారు

వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. నూనె ఆపేశాను, ఆల్చిప్పల గిన్నె వేరుగా పెట్టాను. గుడ్లు పెట్టకుండా ఆపే హార్మోన్ బిళ్లను చర్మం కింద ఉంచే చికిత్స గురించి కూడా వైద్యులు చెప్పారు. అది చేయిస్తే లేయర్ దాణానే కొనసాగించాలా?

రెండో జవాబు రాసినవారు

వద్దు. గుడ్లు ఆగిన పెట్టకు లేయర్ దాణాలోని కాల్షియం పుంజుకు చేసే హానే చేస్తుంది. సుమారు 1 శాతం కాల్షియం ఉండే గ్రోయర్ దాణాకు (ఎదిగే కోళ్ల మేతకు) కొద్దికొద్దిగా మార్చండి, పుంజుకూ అదే సరిపోతుంది కాబట్టి ఒకే తొట్టి చాలు. ఆల్చిప్పల గిన్నెను మాత్రం తీయకండి, బిళ్ల ప్రభావం తగ్గాక పెట్ట మళ్లీ గుడ్లకు వస్తుంది.