రాత్రి పని, తీపి పొట్లం: తప్పు నోటిదా, డ్యూటీదా?

గట్టు మీద మనిషి (భీమవరం):
మా వైపు వన్నామి రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లు గుర్తుపట్టలేనంతగా లావయ్యారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేయడం ఆలస్యమైనా చాలు, రొయ్య చచ్చి తేలిపోతుంది. ఆ భయానికి కన్ను మూయరు, చేతిలో ఏదో ఒక పొట్లం. చెక్ ట్రే ఎత్తి రొయ్య ఎంత మేత తిన్నదో చెబుతారు. తాము ఎన్ని కాజాలు తిన్నారో అడిగితే తెలియదంటారు. ఇది తిండియావ కాదు, బర్న్‌అవుట్, అంటే పని ఒత్తిడికి మనిషి లోలోపల అరిగిపోవడం అంటాను. ఇంట్లోవాళ్లు మాత్రం నోరు కట్టుకోమంటారు. మీరేమంటారు?

పాత పంతులు (రావులపాలెం):
బర్న్‌అవుట్ అన్నది కొత్తగా వచ్చిన ముద్దుపేరు. మా నాన్న తరం వరి కోతల్లో నడుం విరిగేలా పని చేయలేదా? ఇటు ఆత్రేయపురం పూతరేకులు, అటు తాపేశ్వరం కాజా. అప్పుడు పండగకో పెళ్లికో తినేవాళ్లం, ఇప్పుడు సందుకో బేకరీ. అంతే తేడా.

రాత్రి డ్యూటీ (కాకినాడ, నర్సును):
మాస్టారూ, ఆ మాట మరీ కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాల సిబ్బందిని చూసి ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లోనే దీని గురించి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, అదుపులోకి రాని పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది: ఓపిక హరించుకుపోవడం, పనిమీద విరక్తి, ఏం చేసినా తెమలడం లేదనిపించడం. కోతల అలసట రాత్రి నిద్రతో తీరేది. ఇది తీరదు.

2012లో వెలువడిన ఒక ఫిన్లాండ్ అధ్యయనంలో 230 మంది ఉద్యోగినులను పరిశీలించారు. బర్న్‌అవుట్ ఉన్నవారిలో మనసు బాగోక తినడం, అదుపు లేకుండా తినడం రెండూ ఎక్కువ. అది లేనివారు ఏడాదిలో అదుపు తెచ్చుకోగలిగారు, ఉన్నవారి వల్ల కాలేదు. నోరు కట్టుకోమనేవారు ఈ ముక్క గమనించాలి.

అయితే గట్టు మీద మనిషి గారితోనూ పూర్తిగా ఏకీభవించను. నిద్ర చాలకపోతే ఒంట్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఇక చాలనిపించే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. అర్ధరాత్రి ఆ కుర్రాళ్లు తినేది చాలావరకు ఈ ఖాతాలోకి వస్తుంది. మనసు ఆకలి వేరు. కడుపు నిండి ఉన్నా ఉన్నట్టుండి పుడుతుంది, ఫలానాదే కావాలంటుంది. పైగా ఒత్తిడికి అన్నం సహించక చిక్కిపోయినవాళ్లు మా వార్డులోనే ఉన్నారు.

కౌంటర్ దగ్గర (అమలాపురం):
నాది ఆ మనసు ఆకలే. బ్యాంకులో మార్చి నెలాఖరు లెక్కలు ముగించి, ఇంట్లో అందరికీ వడ్డించి, నేనూ తిన్నాక, లైటు వేయకుండా వంటింట్లో పూతరేకు కాగితం విప్పుతాను, చప్పుడు కాకుండా. రుచి తెలియదు. వేళ్లకు నెయ్యి జిడ్డు తగిలాక గానీ అయిపోయిందని తెలియదు. సంక్రాంతికి నలుగురితో కూర్చుంటే ఒకటి రెండు అరిసెలకే చాలనిపిస్తుంది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి పుట్టింట్లో కంటినిండా నిద్రపోతే ఆ యావ దానంతటదే తగ్గింది.

పాత పంతులు:
పుట్టింట్లో పూతరేకులు దొరకక తగ్గిందేమో తల్లీ!

కౌంటర్ దగ్గర:
మా పుట్టిల్లు ఆత్రేయపురమేనండి.

గట్టు మీద మనిషి:
సిస్టర్ గారూ, నిద్ర సంగతి ఒప్పుకుంటాను. అయితే వంతులవారీగా కాయడానికి రెండో మనిషిని పెట్టాలి. మేత ఖర్చు, కరెంటు బిల్లు పోను ఆ జీతం ఎక్కడి నుంచి తేవాలి? అలా పెట్టిన రైతులు ఎవరైనా ఉంటే ఎకరానికి ఎంత పడిందో లెక్కతో సహా చెప్పండి.