చిన్న డేటా మైనింగ్ కంపెనీ షేరు పదేళ్లు పట్టుకోవచ్చా?

పెన్షన్ సారు, హన్మకొండ:
అందరికీ నమస్తే. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో ఎనిమిది లక్షలు ఖాళీగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా అల్లుడు ఒక చిన్న డేటా మైనింగ్ కంపెనీ షేర్లు కొని పదేళ్లు మరిచిపొమ్మంటున్నాడు. బ్యాంకు ఖాతాలు, సూపర్‌మార్కెట్ బిల్లులు తవ్వి, ఏ కస్టమర్ వెళ్లిపోతాడో, ఏ సరుకు దేనితో కలిపి కొంటారో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఎస్‌ఎంఈ ప్లాట్‌ఫాంలో, అంటే స్టాక్ మార్కెట్‌లో చిన్న కంపెనీల కోసం ఉన్న విభాగంలో లిస్టయి రెండేళ్లయింది. పేరు రాయను, రాస్తే చర్చంతా రేటు మీదికి పోతుంది. మా ఆవిడ హసన్‌పర్తి దగ్గర ప్లాటు అంటోంది, ఆ సంగతి ఇక్కడ వద్దు. ఇలాంటి షేరు పదేళ్లు పట్టుకోవడం తెలివైన పనేనా?

మడికొండ కోడర్:
సార్, నా మాట వద్దనే. నేను రోజూ చేసే పని ఇదే. మా టీంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క రూపాయి కట్టం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉచితం, దానిలో ఈ పని చేసిపెట్టే సైకిట్-లెర్న్ ఉచితం, గణాంకాల భాష ఆర్ కూడా ఉచితం. పోనీ లోపలి సూత్రమేమన్నా రహస్యమా అంటే అదీ కాదు. ఏ సరుకు దేనితో పోతుందో పట్టే అప్రయోరి పద్ధతిని అగ్రవాల్, శ్రీకాంత్ 1994లోనే పేపర్ రాసి లోకానికి ఇచ్చేశారు. అందరికీ తెలిసిన వంటకు పదేళ్లు ఎవరు డబ్బు కడతారు?

కేయూ స్కాలర్:
వంట అందరికీ తెలిసినా హోటళ్లు నడుస్తూనే ఉన్నాయి కదా తమ్మీ. మా యూనివర్సిటీలో థీసిస్ అంటే ఇప్పటికీ ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ పేరే ముందు వస్తుంది. అది 1968లో పుట్టింది. 1993లో కంపెనీ లిస్టయింది. 1998లో ఐఎస్‌ఎల్ అనే చిన్న బ్రిటిష్ సంస్థను కొని, దాని క్లెమెంటైన్ అనే డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్‌ను సొంతం చేసుకుంది. ఉచిత ఆర్ అప్పటికే ఉంది. అయినా 2009లో ఐబీఎం ఒక్కో షేరుకు 50 డాలర్ల నగదు, మొత్తం దాదాపు 120 కోట్ల డాలర్లు పెట్టి ఎస్‌పీఎస్‌ఎస్‌ను కొనుక్కుంది. ఉచితం వచ్చినా అమ్మేది బతుకుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మడికొండ కోడర్:
అన్నా, మీరు ఎస్‌పీఎస్‌ఎస్ చెప్పారు, నేను ఆల్టెరిక్స్ చెప్తా. అదీ డేటా సాఫ్ట్‌వేరే. 2017లో 14 డాలర్లకు లిస్టయింది. 2020లో 150 దాటింది. అప్పుడు అందరూ పదేళ్లు పట్టుకోండన్నారు. 2024 మార్చిలో ప్రైవేట్ ఈక్విటీ వాళ్లు (కంపెనీలనే టోకుగా కొనే పెట్టుబడి సంస్థలు) 48.25 డాలర్ల చొప్పున మొత్తం కొనేసి, స్టాక్ మార్కెట్ నుంచే తీసేశారు. 14కు కొన్నవాడు గెలిచాడు. 150కి కొన్నవాడికి మూడింట రెండొంతులు పోయాయి. పైగా "మళ్లీ పెరుగుతుంది, ఆగుతా" అనే దారి కూడా లేదు. మీ ఎస్‌పీఎస్‌ఎస్‌లోనూ అంతే, ఐబీఎం కొన్న రోజుతో లెక్క ముగిసింది. ఎన్నేళ్లు ఉంచుకోవాలో ఈ రంగంలో మన చేతిలో ఉండదు.

కాజీపేట జంక్షన్:
ప్లాటే బెస్ట్ సార్.

పెన్షన్ సారు, హన్మకొండ:
ముందే వద్దన్నాను.

మిర్చి సేటు, ఎనుమాముల:
కంప్యూటర్ సంగతి నాకు తెలియదు గానీ పట్టుకోవడం సంగతి తెలుసు. మార్చిలో రేటు పడితే తేజ మిర్చిని ఏసీలో పెడతాం (కొత్తవాళ్ల కోసం: ఏసీ అంటే ఇక్కడ కోల్డ్ స్టోరేజి). అద్దె పడుతుంది, తెచ్చిన పైసలకు వడ్డీ పడుతుంది. రంగు నిలిస్తే ఆగినందుకు ఫలితం దక్కుతుంది, రంగు దిగితే రేటు పెరిగినా మన సరుకు అడిగేవాడుండడు. నిరుడు నేనూ ఓ చిన్న కంపెనీ ఎస్‌ఎంఈ షేరు కొన్నా. వాటిని ఒకటీ రెండూ అమ్మడం కుదరదు, లాట్ మొత్తం, అంటే నిర్ణయించిన కట్ట మొత్తం అమ్మాలి. చెడ్డ వార్త వచ్చిన రోజు నుంచి వరసగా లోయర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో పడగలిగినంత రేటు పడి అక్కడే ఆగిపోవడం. పొద్దున్నే తొమ్మిదింటికి అమ్మకానికి పెట్టడం, సాయంత్రం అట్లనే తిరిగి రావడం. యార్డులో ఎంత చెడ్డ సరుకుకైనా ఏదో ఒక రేటు పలుకుతుంది సార్. అక్కడ రేటు పలికేవాడే లేడు.

కరీంనగర్ సీఏ:
సార్, ఉచితమా కాదా అన్న వాదనతో మీ కంపెనీ సంగతి తేలదు. యాన్యువల్ రిపోర్టు తెరిచి మూడు చోట్ల చూడండి. అమ్మకాల్లో ఇంకా చేతికి రాని బాకీ ఎంత? ఏటా రెన్యువల్ అయ్యే లైసెన్సుల మీద వచ్చేదెంత, ఒక్కసారి చేసి వదిలేసే ప్రాజెక్టుల మీద వచ్చేదెంత? మూడోది చాలామంది చూడరు. సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఇంజినీర్ల జీతాలను కొన్ని కంపెనీలు ఖర్చులో రాయవు, "తయారీలో ఉన్న ఆస్తి" అని బ్యాలెన్స్ షీట్‌లో పెడతాయి. నిబంధనలకు లోబడితే అది తప్పు కాదు. కానీ జీతం నిజంగానే పోయింది, లాభం మాత్రం తగ్గినట్టు కనబడదు. మన తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపించి, నిజానికి లేని నగదే 5,040 కోట్లని తేలింది, షేరు ఒక్కరోజులో ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. మీ కంపెనీ అలాంటిదని అనడం లేదు. లాభం పక్కన చేతికొచ్చిన నగదును కూడా పెట్టి చూడమంటున్నా.

పన్ను కోసమైతే పదేళ్లు ఆగనక్కర లేదు. ఏడాది దాటాక అమ్మితే, ఏటా లక్షా పాతిక వేలకు మించిన లాభం మీద 12.5 శాతం. మూడేళ్లకైనా, పదేళ్లకైనా అదే రేటు.

పెన్షన్ సారు, హన్మకొండ:
అమ్మా, రాత్రి కూర్చుని చూశాను. అమ్మకాలు 31 కోట్లు, రావాల్సిన బాకీ 19 కోట్లు. అంటే ఏడు నెలలకు పైగా అమ్మకం అప్పుగానే ఉంది. లాభం 4 కోట్లు. మీరు చెప్పిన "తయారీలో ఉన్న ఆస్తి" కింద ఈ ఒక్క ఏడాదే 6 కోట్లు చేర్చారు. రెన్యువల్ ఎంతో విడిగా ఇవ్వలేదు, అన్నీ కలిపి "సాఫ్ట్‌వేర్, సేవలు" అని ఒకే వరస. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, నాలుగులోంచి ఆరు తీసేసరికి భయమేసింది.

కేయూ స్కాలర్:
సార్, తొందరపడకండి. ప్రభుత్వ బ్యాంకులు కస్టమర్లయితే బాకీ ఆలస్యమవుతుంది గానీ మునగదు. ఎదిగే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ మీద ఖర్చు పెట్టక ఏం చేస్తుంది?

మడికొండ కోడర్:
అన్న చెప్పిన దాంట్లో ఒకటి ఒప్పుకుంటా. బ్యాంకులో ఒకసారి ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, దాని చుట్టూ రిపోర్టులన్నీ అల్లుకున్నాక పీకేయడం నరకం. ఉచితమైనది పక్కనే ఉన్నా మేనేజర్ ముట్టుకోడు. చిన్న కంపెనీలు బతికేది ఆ భయం మీదే. అందుకే సీఏ మేడమ్ అడిగిన రెన్యువల్ లెక్క ముఖ్యం. నిజంగా అతుక్కుపోయిన కస్టమర్లుంటే ఏ కంపెనీ అయినా గొప్పగా చెప్పుకుంటుంది. దాన్ని కలిపేసి చూపారంటే నాకు అనుమానమే.

కేయూ స్కాలర్:
అనుమానం ఉంటే కంపెనీని అడగొచ్చు కదా. ఒక లాట్ కొంటే షేర్‌హోల్డర్ అవుతారు, ఏజీఎంలో, అంటే ఏటా జరిగే షేర్‌హోల్డర్ల సమావేశంలో ప్రశ్న వేసే హక్కు వస్తుంది. నేనైతే అట్లా మొదలుపెడతా.

మిర్చి సేటు, ఎనుమాముల:
ప్రశ్న అడగడానికి లాట్ కొనాలా? ఖరీదైన ప్రశ్నే.

పెన్షన్ సారు, హన్మకొండ:
అల్లుడికి ఫోన్ చేసి బాకీల సంగతి చూశావా అని అడిగాను. చూడలేదట. వాళ్ల ఫ్రెండు పెట్టాడని తనూ పెట్టాడు, అదీ ఐదు లక్షలు. అది విన్నాక నా ఎనిమిది లక్షల కన్నా వాడి ఐదు లక్షలే మనసులో తిరుగుతున్నాయి. నేను ప్రస్తుతానికి కొనడం లేదు. ఈ ఆదివారం పిల్లలతో వస్తున్నారు. యాన్యువల్ రిపోర్టులో ఆ మూడు పేజీలు ప్రింటు తీసి పెట్టాను. మా ఆవిడ నాటుకోడి తెమ్మంది. ఆ కాగితాలు అల్లుడికి భోజనానికి ముందు ఇవ్వాలా, తర్వాతా అన్నదే ఇప్పుడు టెన్షన్.

మిర్చి సేటు, ఎనుమాముల:
తిన్నాకే ఇవ్వండి సార్.