ఎర్రమట్టిలో ట్యాంక్ ట్రాక్ మాటిమాటికీ ఊడిపోతోంది, ఏం చేయాలి?

శెనక్కాయచేను (ధర్మవరం దగ్గర, అనంతపురం వైపు)
అన్నలారా, నా దగ్గర 1/16 స్కేల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) టైగర్ ట్యాంక్ బొమ్మ ఉంది. శెనక్కాయ పెరికేసిన చేలో ఆదివారం పొద్దున్నే నడుపుతాను, మా పాప కూడా వస్తుంది. ప్లాస్టిక్ ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాలు) తేలిగ్గా ఉండి చాళ్లలో జారుతున్నాయని మెటల్‌వి వేశాను. రెండు నెలలు బాగా నడిచింది. ఇప్పుడు ఎడమకు తిప్పితే చాలు, ఆ వైపు ట్రాక్ ఊడి పడుతోంది. వారం వారం కుట్టుమిషన్ నూనె వేస్తూనే ఉన్నాను, అయినా కరకరమంటోంది. నిన్న పాప ముందే నాలుగుసార్లు ఊడింది, చాలా బాధేసింది. స్ప్రాకెట్లు (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రాలు), గేర్‌బాక్స్ ఇంకా పాత ప్లాస్టిక్‌వే. ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లరేగడి (ఆదోని)
ముందు ఆ నూనె ఆపన్నా. నేనూ ఏడాది పాటు అదే తప్పు చేసి ఒక జత ట్రాకులు పోగొట్టుకున్నాను. ట్రాక్ లింకులను కలిపే పిన్నుకు నూనె తగిలి దుమ్ము అంటుకుంటే అది సానపెట్టే ముద్ద అయిపోతుంది. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకంత అరిగినా, అన్నీ కలిసి ట్రాక్ సాగుతుంది. వదులైన ట్రాకే మలుపులో ఊడేది.

రెండూ విప్పి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఎండలో బాగా ఆరనివ్వు. తర్వాత కావాలంటే గ్రాఫైట్ పొడి చల్లు, లేకపోతే పొడిగానే నడిపించు. గ్రీజు మూసి ఉన్న గేర్‌బాక్స్ లోపలికే.

స్ప్రాకెట్ పళ్లు కూడా చూడు. మెటల్ ట్రాక్ ప్లాస్టిక్ పళ్లను తినేస్తుంది. కొనలు కొక్కెంలా వంగి ఉంటే ఎంత సరిచేసినా ట్రాక్ ఎగురుతూనే ఉంటుంది. ట్రాక్, స్ప్రాకెట్, ఐడ్లర్ (ట్రాక్ రెండో చివర ఉండే చక్రం), గేర్‌బాక్స్ ఒకేసారి మెటల్‌కు మార్చడం మంచిది, ఖర్చు అయినా సరే.

మా వైపు వాన పడితే రెండు రోజులు బయటికి తీయను. టైగర్ చక్రాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఉంటాయి కదా, రేగడి ఆ సందుల్లో పిడచ కడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా వైపు తూర్పు రంగంలో అసలు జర్మన్ టైగర్లకే ఆ సందుల్లోని బురద రాత్రికి గడ్డకట్టి పొద్దున కదలనిచ్చేది కాదు. మీ ఎర్రనేల ఆ విషయంలో నయం.

శెనక్కాయచేను
పళ్లు కొద్దిగా వంగాయన్నా. బిగువు ఎంత ఉండాలి? నాది ఐడ్లర్ జరిపే రకం కాదు.

బండపరుపు (కడప)
జరిపే వీలు లేకపోతే రెండు వైపులా ఒక్కో లింకు తీసేయండి. పైభాగం చక్రాల మీద కొంచెం వాలి ఉండాలి, తీగలా లాగి ఉండకూడదు. మరీ బిగిస్తే భారం మోటార్ మీద పడుతుంది. ప్లాస్టిక్ గేర్ల పళ్లు పోయేది అక్కడే.

పిన్నులు కూడా ఒక్కొక్కటి చూడండి, నడుస్తూ నడుస్తూ పక్కకు జరుగుతాయి. లోపలికి నెట్టి చివర గోళ్లరంగు చుక్క పెడితే నిలుస్తాయి. తర్వాత ఇంటి ముందు నున్నటి బండల మీద నేరుగా పోనిచ్చి చూడండి. నేను ప్రతిసారీ మా కడప బండల మీదే చూస్తాను. ఒకవైపు లాగితే ఆ వైపు ఏదో పట్టేస్తున్నట్టే.

చేలో ఉన్నచోటే గిరగిరా తిప్పొద్దు, వెడల్పుగా మలపండి. పదిహేను నిమిషాలకోసారి ఆపి మోటార్ ముట్టుకోండి. వేలు పెట్టి ఉంచలేనంత వేడెక్కితే ఆ పూటకు చాలు. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అయితే సెల్‌కు 3.5 వోల్టులకు రాగానే ఆపేయండి, చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి. మన ఎండలకు బ్యాటరీని కారులో అసలు వదలొద్దు. అడుగున స్పీకర్ రంధ్రాలుంటే లోపలివైపు పలుచటి గుడ్డ అంటించండి, దుమ్మంతా అక్కడి నుంచే ఎక్కుతుంది.

శెనక్కాయచేను
ఈ ఆదివారం సంగతి చెబుతాను. బండ మీద పోనిస్తే ఎడమకే లాగింది. స్ప్రాకెట్ విప్పితే ఇరుసుకు ఎండు శెనక్కాయ తీగ, గడ్డి నార తాడులా చుట్టుకుని ఉన్నాయి! బ్లేడుతో కోసి తీశాను. ట్రాకులు కడిగి, ఒక్కో లింకు తగ్గించాను. గట్టు ఎక్కి దిగినా ఊడలేదు, పాప చప్పట్లు కొట్టింది. మెటల్ స్ప్రాకెట్లు, గేర్‌బాక్స్ తెప్పిస్తున్నాను, అవి వచ్చేదాకా మెల్లగానే నడుపుతాను. ఆదోని అన్నా, గ్రాఫైట్ అంటే తాళాలకు వేసే పొడేనా?

నల్లరేగడి
అదే. చిటికెడు చాలు.